జీర్ణగ్రంథముల ప్రతిబింబగ్రహణము

పాత తాళపత్రకట్టలను విప్పి చదువు అలవాటు గలవారికి ఒక విషయము సుపరిచితము. గ్రంథము ముగిసిన పిదప లేఖకుడు తన వంతుగా ఒకటి రెండు శ్లోకములు చేర్చి విడుచుట కలదు. నూనె, నీరు, సడలిన కట్టు, తెలియనివాని చేయి - ఈ నాలుగును పుస్తకమునకు శత్రువులని అట్టి శ్లోకముల తాత్పర్యము. కొన్నిచోట్ల లేఖకుడు తన నడుము నొప్పిని, వంగిన మెడను, అలసిన కన్నులను కూడ చెప్పుకొని, ఇంత శ్రమపడి వ్రాసినదానిని బిడ్డవలె సాకుడని చదువరిని ప్రార్థించును. ముద్రణాలయములు లేని దినములలో ఒక ప్రతి చెడినచో మఱియొక ప్రతి పుట్టుటకు ఒక మనుష్యుని వెన్నెముకయే పెట్టుబడి. కావున ఆ ప్రార్థనను అలంకారముగా తలంపరాదు.

నేడు ఆ లేఖకుని స్థానమును కెమెరాయు, స్కానరును ఆక్రమించినవి. గంటము పట్టి ఆఱు మాసములు వ్రాయవలసిన గ్రంథమునకు ఒక్క దినమున ప్రతిబింబము తీయవచ్చును. ఇది గొప్ప మేలు, సందేహము లేదు. అయితే ఈ మేలు చేయ వచ్చిన చేయియే గ్రంథమునకు కీడు చేయు సందర్భములు తఱచుగా కలుగుచున్నవి. మూడు వందల యేండ్లు చెదలకు, వానలకు, వంటయింటి పొగకు ఓర్చుకొనిన గ్రంథము ఒక మధ్యాహ్నము తొందరపాటుచే ముక్కలగుట కలదు. గ్రంథము చెడకుండ దాని ప్రతిబింబమును గ్రహించుట ఎట్లు అను విషయమును ఇచ్చట కొంత విపులముగ విచారింతము.

ప్రతిబింబము వలన ప్రయోజన మెంతటిదో తెలుపుటకు ఒక్క వేదశాఖ చరిత్ర చాలును. అథర్వవేదమునకు తొమ్మిది శాఖలుండెనని పెద్దలు చెప్పుదురు. వానిలో సంహిత మనకు దక్కినవి శౌనకము, పైప్పలాదము అను రెండే. పైప్పలాదసంహిత పందొమ్మిదవ శతాబ్దిలో కాశ్మీరమున భూర్జపత్రములపై, శారదాలిపిలో లభించెను. అది కడకు జర్మనీలోని ట్యూబింగెన్ విశ్వవిద్యాలయమును చేరెను. భూర్జపత్రమనగా హిమాలయములందు పెరుగు భూర్జవృక్షపు బెరడు. పొరలు పొరలుగా నుండు ఆ పదార్థము ఎండినకొలది ఊడిపోవుచుండును. పండితులు పదే పదే త్రిప్పి చదివినచో ఆ గ్రంథము నిలుచుట కష్టము. 1901వ సంవత్సరమున బ్లూమ్‌ఫీల్డు, గార్బే అను ఇరువురు విద్వాంసులు దాని పుటలన్నిటికిని వర్ణచ్ఛాయాచిత్రములు తీయించి ప్రకటించిరి. అమెరికాలోని బారెట్టు అను పండితుడు 1905 మొదలుకొని 1940 వఱకు ఆ చిత్రములను ఆధారముగా గొని పాఠమును క్రమముగా ప్రకటించెను. 1950వ దశాబ్దిలో దుర్గామోహన భట్టాచార్యులవారు ఒడిశా పల్లెలయందు ఆ శాఖకే చెందిన తాళపత్రప్రతులను కనుగొనువఱకు, అర్ధశతాబ్దికి పైగా, ఒక వేదశాఖను లోకము ఆ చిత్రములయందే చదివినది. మూలము పెట్టెలో విశ్రమించినది. దాని నీడ పనిచేసినది.

ఒక్క ప్రతిపై ఎంత వ్రేలాడుచుండునో మనకు మఱి రెండు నిదర్శనములు కలవు. కౌటిల్యుని అర్థశాస్త్రము పేరుకు మాత్రమే తెలిసి, గ్రంథము కనబడక, శతాబ్దములు గడచెను. 1905లో మైసూరు ప్రాచ్యగ్రంథాలయమునకు తంజావూరు ప్రాంతపు పండితుడొకడు తెచ్చి యిచ్చిన తాళపత్రకట్టలో శామశాస్త్రిగారు దానిని గుర్తించి 1909లో ముద్రింపించిరి. ఆ 1909లోనే మానవల్లి రామకృష్ణకవిగారు తంజావూరు సరస్వతీమహలు గ్రంథాలయమున దొరకిన నన్నెచోడుని కుమారసంభవమును, మొదటి భాగమును, వెలువరించిరి. తెలుగువారు ఆ కవి పేరునే మఱచియుండిరి. ఈ కట్టలు ఆ కొలది యేండ్లకు ముందే చెదల పాలైయున్నచో మన సాహిత్యచరిత్రయు, రాజనీతిచరిత్రయు వేఱుగా నుండెడివి. దీనికి విపరీతముగ జరిగినవియు లేకపోలేదు. 1981లో సింహళమున యాళ్పాణపు గ్రంథాలయము దహింపబడినపుడు సుమారు తొంబదియేడు వేల గ్రంథములు, వానితో పాటు తమిళ తాళపత్రములు, బూడిదయైనవి. 2000 ఆగస్టులో హైదరాబాదునకు వచ్చిన వరదలో సుందరయ్య విజ్ఞానకేంద్రపు గ్రంథములు నీట నానినవి. అగ్నికిని, నీటికిని ముందుగా చీటి పంపు అలవాటు లేదు.

ఇక విషయమునకు వత్తము. ప్రతిబింబము తీయువాడు మొదట తెలిసికొనవలసినది యంత్రమును గూర్చి కాదు; గ్రంథ శరీరమును గూర్చి. వైద్యుడు రోగి ప్రకృతి నెఱుగక మందీయనట్లే ఇచ్చటను.

తాళపత్రములు రెండు విధములు. మన సీమలో విరివిగా వాడినది సాధారణమైన తాటియాకు. దానికంటె పలుచనై, మెత్తనై, వెడల్పైనది శ్రీతాళపత్రము. దక్షిణదేశమునను, ఒడిశాలోను గంటముతో గీచి వ్రాసి, పిమ్మట దీపపు మసిని నూనెతో గాని ఆకుపసరుతో గాని కలిపి రుద్ది తుడిచెడివారు. మసి గీతలలో నిలిచి అక్షరము నల్లగా కనబడును. ఇందొక రహస్యము కలదు. మసి పోయినను అక్షరము పోదు. అది ఆకు కండలోనే చెక్కబడియున్నది. కాని నేపాళ వంగదేశముల పాత తాళపత్రములపై కలముతో సిరాను వాడి వ్రాసిరి. వానిని మన కట్టలనుకొని తడిబట్టతో తుడిచినచో అక్షరము బట్ట కంటుకొని వచ్చును. ఒకే ఆకు, ఒకే ఆకారము. ఒకదానికి ఔషధమైనది వేఱొకదానికి విషము. కావున లేఖనవిధానమును నిశ్చయించుకొనక ఏ ద్రవమును తాకింపరాదు.

తాళపత్రము ఎండినచో పెళుసగును, నారవెంట పొడవుగా చీలును, అంచులు రాలును. చెమ్మ తగిలినచో ఆకులొకదాని కొకటి అంటుకొని ఇటుకవలె గట్టిపడును. త్రాడు పోవు రంధ్రముచుట్టు ఒరసికొని అరుగును. నిమ్మగడ్డి నూనెను పలుచగా పూసి మెత్తదనము తెచ్చుట మన గ్రంథాలయములలో చిరకాలముగా నున్నదే. కాని నూనె ఎక్కువైనచో ఆకు నల్లబడును, దుమ్ము పట్టును. లేఖకుడు నూనెను శత్రువులలో మొదట పేర్కొనుట ఊరక కాదు. కాగితమునకైతే నూనె ఎన్నడును తగదు.

కాగితపు గ్రంథములలో పాత చేతికాగితము దృఢమైనది. గుడ్డపీలికలను నానవేసి దంచి చేసిన ఆ కాగితము రెండు మూడు శతాబ్దములైనను వంగును గాని విఱుగదు. ఒక్క హెచ్చరిక మాత్రము చేయవలెను. పురుగు పట్టకుండుటకును, తప్పుల దిద్దుటకును పూర్వులు కొన్ని కాగితములపై పసుపువన్నెగల హరితాళమును పూసిరి. అది పాషాణముతో కూడిన ద్రవ్యము. అట్టి గ్రంథమును తాకిన చేతులను కడుగుకొనకుండ అన్నము తినరాదు. వ్రేలిని నాలుకపై తడిపి పుట త్రిప్పు దురలవాటు గలవారు మఱింత జాగ్రత్త వహింపవలెను.

ఆశ్చర్యమేమనగా, అన్నిటికంటె దుర్బలమైనది మనము క్రొత్తదనుకొను ముద్రితగ్రంథమే. పందొమ్మిదవ శతాబ్ది మధ్యభాగము దాటిన పిమ్మట కొయ్యగుజ్జుతో యంత్రములపై చేసిన కాగితము లోకమంతట వ్యాపించినది. సిరా చెదరకుండుటకై అందు పటికను, రోజను అను సరళవృక్షపు జిగురును కలిపిరి. పటిక చెమ్మతో కలిసి మెల్లగా ఆమ్లమును పుట్టించును. ఆ ఆమ్లము కాగితమునకు ప్రాణమైన సెల్యులోజు పోగులను తుంచివేయుచుండును. కొయ్యలోని లిగ్నిన్ అను పదార్థము వెలుతురు తగిలి పసుపు, గోధుమ వన్నెలకు తిరుగును. బయటినుండి ఏ పురుగును రానక్కఱలేదు. ఈ కాగితము తన్ను తానే దహించుకొనును. విలియం బారో అను అమెరికా శోధకుడు 1959లో ప్రకటించిన పరీక్షలలో ఇరువదవ శతాబ్ది పూర్వార్ధపు పుస్తకములలో అధికభాగము మఱి యేబదియేండ్లు నిలుచుట దుర్లభమని తేలెను. మన తాతల నాటి తెలుగు పత్రికలు, నాటకములు, స్తోత్రసంపుటములు, స్వాతంత్ర్యోద్యమకాలపు కరపత్రములు అన్నియు ఈ తరగతిలోనివే. 1918లో వెలసిన వేటపాలెము సారస్వతనికేతనము వంటి గ్రంథాలయములలో భద్రముగా నున్న పాతపత్రికల విలువ ఇందువలన మఱింత హెచ్చుచున్నది. ఏవి ముందు ప్రతిబింబము తీయవలెనని అడుగువారికి నా సమాధానమిది: తాళపత్రముల పేరు గొప్పది, కాని 1880 - 1950 నడుమ అచ్చైన కాగితమునకు వ్యవధి తక్కువ. సమయమును, ధనమును పంచునపుడు ఈ సంగతిని మఱువరాదు.

ఇప్పుడు కీడు ఎచ్చట కలుగునో చూతము. కార్యాలయములలోని సాధారణ స్కానరునకు అద్దపు పలక పైభాగమున నుండును. గ్రంథమును బోర్లించి, వెన్ను సమముగా అణగునట్లు నొక్కవలెను. ఒక్కొక్క జంటపుటకు ఒకమాఱు ఎత్తి, త్రిప్పి, మరల బోర్లించి, నొక్కవలెను. మూడు వందల పుటల గ్రంథమునకు ఇట్లు నూటయేబది మాఱులు జరుగును. పాత జిగురు ఎండి పెళుసైయుండును, కుట్టుదారము పుచ్చియుండును. నూటయేబది మాఱులు వెన్ను విఱిచినచో ఏ గ్రంథము నిలుచును? మఱికొందఱు ఇంతకంటె సులువైన మార్గము నెఱుగుదురు: వెన్నును కత్తితో కోసివేసి, విడిపుటలను తమంతట తామే లోనికి పోవు యంత్రమునకు మేపుదురు. వేయి ప్రతులు బజారులో దొరకు క్రొత్తపుస్తకమునకు అది చెల్లవచ్చును. అరుదైన గ్రంథమున కది శిరచ్ఛేదమే.

సరియైన పద్ధతి దీనికి విపరీతము. గ్రంథము వెల్లకిల పరుండవలెను; కెమెరా పైనుండి చూడవలెను. గ్రంథమును పూర్తిగా తెఱవకూడదు. రెండు పలకలను లోయవలె అమర్చిన ఊయలయందు దాని నుంచవలెను. ఆ లోయకోణము తొంబది మొదలు నూట యిరువది భాగల వఱకు గ్రంథపు ఓర్పును బట్టి యుండును. నూట యెనుబది భాగలు తెఱచుట గ్రంథమునకు శిక్ష. తొంబది తెఱచుట మనము చేత పట్టి చదువుకొనునంత మాత్రము. ఇరుప్రక్కల రెండు కెమెరాలు ఎదుటి పుటలను ఒకే క్షణమున గ్రహించును. పుట సమముగా నుండుటకై లోయ ఆకారముననే మలచిన అద్దమును పైనుండి మెల్లగా దింపుదురు. అద్దము తాకవలెను గాని నొక్కకూడదు. ఇంటర్నెట్ ఆర్కైవు అను సంస్థవారి యంత్రములలో కాలితో త్రొక్కు మీట అద్దమును ఎత్తుచు దింపుచుండగా, పుట త్రిప్పు పని మనుష్యుని చేతికే విడిచిరి. ఇది నాకు మిక్కిలి వివేకముగ తోచుచున్నది. పుట త్రిప్పు యంత్రములును లోకమున లేకపోలేదు. కాని పుట ఎచ్చట అంటుకొన్నదో, ఎచ్చట చిరిగినదో వ్రేలి కొనకు తెలిసినట్లు వానికి తెలియదు.

చేతితొడుగులను గూర్చి ఒక మాట. తెల్లని నూలు తొడుగులు ధరించి పాతగ్రంథములను తాకు చిత్రములను మనము పత్రికలలో చూచుచుందుము. చూచుటకు గౌరవముగ నుండును. నిజమునకు ఆ తొడుగు వ్రేలి స్పర్శను మందగింపజేయును. దాని పోగులు చిరుగుల అంచులకు తగులుకొనును. కాగితమునకు, తాళపత్రమునకు, సబ్బుతో కడిగి బాగుగా తుడిచిన పొడిచేతులే మేలని నేటి పెద్ద గ్రంథాలయములవారి అభిప్రాయము. బూజు పట్టినవానికి, హరితాళము పూసినవానికి మాత్రము రబ్బరు తొడుగు వలయును. ఛాయాచిత్రములకు వ్రేలిముద్ర పడరాదు గనుక వానికిని తొడుగు తగును.

వెలుతురు విషయమున భ్రాంతులు కొన్ని కలవు. ఒక్క చిత్రమునకు పడు వెలుతురుతో గ్రంథము నశింపదు. నాలుగు గంటలసేపు వేడిదీపముల క్రింద తెఱచి యుంచినచో చెడును. వేడిమి వలన ఆకు ఎండి ముడుచుకొనును. అతినీలలోహిత కిరణముల వలన కాగితము వన్నె తప్పును. కావున వేడి లేని, ఆ కిరణములు దాదాపుగా లేని ఎల్.ఇ.డి. దీపములను వాడుదురు, పని లేనపుడు ఆర్పుదురు. కాగితమునకు ఇరుప్రక్కల సమానముగా వెలుతురు పడవలెను. తాళపత్రమునకు అట్లు కాదు. మసి పోయిన ఆకుపై వెలుతురు సమముగా పడినచో అక్షరము కనబడదు. ఒకప్రక్కనుండి, ఆకును ఒరసికొని పోవునట్లు వెలుతురును ప్రసరింపజేయవలెను. అపుడు గీతలలో నీడ నిలిచి అక్షరము లేచి వచ్చును. సాయంకాలపు ఎండలో పొలపు నాగటిచాళ్లు స్పష్టముగ కనబడునట్లే ఇదియు. అయితే వెలుతురు వచ్చు దిక్కునకే సాగిన గీతలకు నీడ ఉండదు. తెలుగు లిపి గుండ్రని గీతలది గనుక ప్రతి అక్షరమునను కొంతభాగము అదృశ్యమగును. కావున దీపమును ఒకమాఱు ప్రక్కను, ఒకమాఱు పైభాగమున నుంచి రెండు చిత్రములు తీయుట యుక్తము. మరకలు పట్టి నల్లనైన ఆకులపై మసితో వ్రాసిన అక్షరములకు పరారుణచిత్రము పనిచేయును. మరక తేలిపోయి మసి నిలుచును.

ఆకులను ఒక్కొక్కటిగా చిత్రింపవలెనా, ఐదాఱు కలిపి చిత్రింపవచ్చునా అను ప్రశ్న తఱచు వచ్చుచుండును. కలిపినచో స్పష్టత తగ్గునని చాలమంది తలంపు. లెక్క చూతము. నలువది సెంటీమీటరుల పొడవు, నాలుగు సెంటీమీటరుల వెడల్పు గల ఆకు ననుకొందము. అడ్డముగ 6,000, నిలువుగ 4,000 చుక్కలు గ్రహించు కెమెరాలో ఆకు పొడవు పూర్తిగా పట్టునట్లుంచినచో సెంటీమీటరునకు 150 చుక్కలు, అనగా అంగుళమునకు 381 చుక్కలు వచ్చును. ఒక్క ఆకునే యుంచినను అంతియే. నిలువున మిగిలిన చోటు వ్యర్థము. ఒక సెంటీమీటరు ఎడమిచ్చుచు ఐదు ఆకులను ఒకదాని క్రింద నొకటి పేర్చినచో ఇరువదియైదు సెంటీమీటరులకు మించదు. కెమెరా నిలువున ఇరువదియాఱు పైచిలుకు చూడగలదు. చుక్కలేమియు తగ్గలేదు. నష్టము మఱొకచోట నున్నది. ఆకులు వంకరలు తిరిగి ఒక్కొక్కటి ఒక్కొక్క ఎత్తున నుండును గనుక కెమెరా చూపు అన్నిటిపై సమముగా నిలువదు. వెనుకప్రక్కకు త్రిప్పునపుడు వరుస తప్పును. ఐదు ఆకులు ఒకేమాఱు బల్లపై పరచినచో ఒకటి ఎగిరి పడుట కవకాశమెక్కువ. వంకర లేని, వరుససంఖ్యలు స్పష్టముగ నున్న కట్టలకు కలిపి తీయుట తప్పు కాదు. శిథిలమైన వానిని ఒక్కొక్కటిగానే తీయవలెను. మిక్కిలి చిన్న అక్షరములున్నచో ఆకును కుడి ఎడమ భాగములుగ రెండు చిత్రములలో తీయుట మఱింత మేలు.

పనికి పూనుకొనుటకు ముందు చేయవలసినది పుటల లెక్క. త్రాడు విప్పకముందే కట్ట నాలుగు ప్రక్కల చిత్రము తీసి యుంచవలెను. వరుస చెదరినచో అదియే సాక్షి. ఎడమ అంచున నున్న ఆకు సంఖ్యలు చదివి, లోపించినవి, తారుమారైనవి గుర్తించి చీటి వ్రాయవలెను. కాని వరుసను తన యిష్టానుసారము సవరింపరాదు. మెత్తని కుంచెతో దుమ్మును నడుమనుండి అంచులవైపు తుడువవలెను. పురుగు తొలిచిన పుటలో రంధ్రముల గుండ క్రింది పుట అక్షరములు తొంగి చూచి పాఠమును కలగాపులగము చేయును. దీనికి ఉపాయము సులభము: ప్రతి పుట వెనుకను ఒక వన్నె తక్కువ కాగితమును నిలుపవలెను, రంధ్రము రంధ్రముగనే కనబడును. చిరిగినచోట అంగడిలో దొరకు అంటుపట్టీని అతికింపరాదు. దాని జిగురు కొన్నేండ్లకు పసుపుబాఱి కాగితములోనికి దిగును. అక్షరములను వెంటగొని గాని ఊడదు.

అంచులను కత్తిరింపక, చుట్టు కొంత నేల కనబడునట్లు చిత్రము తీయవలెను. వ్రాయని పుటలను, అట్టలను, చెక్కపలకలను, త్రాటిని సైతము విడువరాదు. వ్రాయని ఆకుపై ఒక మూల నకలు చేసినవాని ఊరు, పేరు, సంవత్సరము ఉండవచ్చును. గ్రంథమెవరి యింటినుండి ఎవరి యింటికి పోయెనో అట్టి మూలలందే తెలియును. మొదటి చిత్రమున ఒక కొలబద్దను, వన్నెలపట్టీని ప్రక్కన నుంచినచో తరువాతివారికి పరిమాణము, నిజవర్ణము తెలియును.

చిత్రము తీయుటతో పని సగమే. 2,40,00,000 చుక్కల వర్ణచిత్రమును కుదింపక భద్రపఱచినచో ఒక్కొక్కటి 72 మెగాబైట్లగును. మూడు వందల చిత్రముల గ్రంథము సుమారు 22 గిగాబైట్లు. ఈ మూలచిత్రములను టిఫ్ రూపమున చెక్కుచెదరక దాచి, చదువరులకు చిన్న ప్రతులను వేఱుగ చేసి యీయవలెను. మూడు ప్రతులు, రెండు విధములైన సాధనములపై, అందొకటి వేఱొక ఊరిలో - ఇది అందఱు అంగీకరించిన నియమము. తాళపత్రము పట్టించుకొనకున్నను రెండు వందల యేండ్లుండును. డిస్కును పదియేండ్లు పట్టించుకొనకున్నచో తెఱచుకొనునని నమ్మరాదు. క్రొత్తలేఖకుని వలె, కొన్నేండ్లకొకమాఱు ఒకరు కూర్చుండి మరల నకలు చేయవలసినదే.

ఈ దేశమున పెద్దయెత్తున జరిగిన ప్రయత్నము నుండి నేర్చుకొనవలసినది చాల కలదు. చిత్తూరు జిల్లా కాటూరులో జన్మించి, 1994లో కంప్యూటరు శాస్త్రమున ట్యూరింగు పురస్కారము నందిన దబ్బల రాజగోపాలరెడ్డిగారు, రాజ్ రెడ్డిగా లోకమునకు ప్రసిద్ధులు, పది లక్షల గ్రంథముల ప్రణాళికకు మూలపురుషులలో ఒకరు. బెంగుళూరు, హైదరాబాదు మున్నగు నగరముల విద్యాసంస్థలు అందు పాల్గొన్నవి. 2007 నాటికి లక్ష్యము దాటినది. నేడు మనకు అంతర్జాలమున లభించు పాతతెలుగు పుస్తకములలో అధికభాగము ఆ పుణ్యమే. అయినను దోషములను దాచనక్కఱలేదు. కొన్నింట పుటలు లోపించినవి; కొన్నింట వంకరబోయినవి; రోమను లిపిలో తప్పుగ వ్రాయబడిన పేర్లచేత ఏ గ్రంథము ఎచ్చట నున్నదో వెదకుటయే ఒక తపస్సు. పిమ్మట ఆ ప్రణాళిక భారతీయ స్థానము మూతపడెను. ప్రతులు ఇంటర్నెట్ ఆర్కైవునందు చేరియుండుటచే గ్రంథములు దక్కినవి. పుటకింత అని కూలి యిచ్చు పద్ధతి ఎచ్చట నున్నను ఇట్టి ఫలములే వచ్చును. పనివానిని నిందించి లాభము లేదు. తొందరకు కూలి నిచ్చినవారు జాగ్రత్తను కోరుట న్యాయము కాదు.

నేపాళమున 1970లో జర్మనుల సహకారముతో ఆరంభమైన మైక్రోఫిల్ము ప్రణాళిక మఱొక మార్గమును చూపినది. మూడు దశాబ్దులలో సుమారు 1,80,000 గ్రంథములకు ప్రతిబింబములు తీసిరి. గ్రంథములు వాని యజమానులయొద్దనే నిలిచినవి. బ్రిటిషు గ్రంథాలయమువారు 2004 నుండి నడుపుచున్న ప్రమాదగ్రస్త గ్రంథరక్షణ ప్రణాళికకును మూలము తన దేశమును దాటరాదనునదే నియమము. మన దేశమున 2003లో జాతీయ పాండులిపి మిషను ఏర్పడెను. 2025 కేంద్ర ఆదాయవ్యయ పత్రమున జ్ఞానభారతము అను పేర కోటికి పైగా వ్రాతప్రతులను గుర్తించి రక్షించు సంకల్పమును ప్రకటించిరి. కోటి అను సంఖ్య విన్నపుడు సంతోషముతో పాటు కొంత భయమును కలుగును. సంఖ్య పెద్దదైనకొలది చేయి తొందరపడును.

ప్రతిబింబము సిద్ధమైనది గదా, ఇక మూలముతో పనియేమి అను ప్రశ్న అన్నిటికంటె ప్రమాదకరము. అమెరికాలోని గ్రంథాలయములు ఇరువదవ శతాబ్దిలో వార్తాపత్రికల సంపుటములను కోసి, మైక్రోఫిల్ము తీసి, మూలములను పాఱవైచిన వృత్తాంతమును నికల్సన్ బేకరు 2001లో ఒక గ్రంథముగ వ్రాసెను. నలుపు తెలుపుల ఆ ఫిల్ములలో వర్ణచిత్రములు పోయినవి. మసకబాఱిన పుటలు మరల చదువుటకు మూలము లేకపోయినది. మన యింటి అటకమీది కట్ట విషయమునను ఇదియే. చిత్రము తీసిన పిమ్మట కట్టను శుభ్రమైన నూలుబట్టలో చుట్టి, నేలకు గోడకు తగులకుండ, గాలియాడు చోట నుంచవలెను. చదువుటకు చిత్రమును తీయుడు. కట్టను మాటిమాటికి విప్పకుడు.

అంటుకొని గట్టిపడిన కట్టలు చేతికి వచ్చినపుడు చాకు కొనతో ఆకులను విడదీయ ప్రయత్నించుట కంటె గొప్ప తప్పు లేదు. తేమను క్రమముగ నిచ్చి విడదీయు నిపుణులున్నారు, వారికి చూపవలెను. వారును కాదన్నచో అట్లే మూసి యుంచవలెను. మృతసముద్ర తీరమున ఎన్‌గెదీ అను చోట 1970లో కాలి బొగ్గైన తోలుచుట్ట యొకటి త్రవ్వకములలో దొరకెను. ముట్టుకొనిన రాలును. ఎవరును దానిని విప్ప సాహసింపక నలువది యేండ్లకు పైగా అట్లే దాచిరి. వైద్యశాలలలో శరీరాంతర్భాగములను చూపు యంత్రము వంటి దానితో, ఎక్స్ కిరణముల సాయమున, దాని లోపలి మడతలను చిత్రించి, కంప్యూటరునందు మాత్రమే చుట్టను విప్పిరి. 2015లో అందు హీబ్రూ భాషలోని లేవీయకాండపు మొదటి వాక్యములు బయటపడినవి. ఆ చుట్టను నేటికిని ఎవరును విప్పలేదు.